నూరు కండెలు

మన సినిమాల్లో క్యాన్సర్ వచ్చిన మనిషికి నిర్ణయాలేమీ ఉండవు. దగ్గుతాడు, రుమాల్లో రక్తం కనిపిస్తుంది, డాక్టరు కళ్లద్దాలు తీస్తాడు, అంతే. మా పెద్దమ్మకు రొమ్ము ఆపరేషన్ అయ్యి, కుట్లు విప్పి, ఇంటికొచ్చాక అసలు తలనొప్పి మొదలైంది. కీమో చేయించుకోవాలా, వద్దా? కర్నూల్లో చూసిన డాక్టరమ్మ "చేయించుకోండి" అనలేదు, "వద్దు" అనీ అనలేదు. "మీలాంటి కేసులో రెండూ తప్పు కాదు. ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నారు. ఆ మాటతో మా వాళ్లందరికీ ఆమె మీద నమ్మకం పోయింది. నాకు మాత్రం అప్పుడే కలిగింది.

పెద్దమ్మది ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కాబట్టి మగ్గం గురించి అక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దనాయన గుంత మగ్గం మీద నేస్తాడు, పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. వయసు 58. మాది ఆదోని. నాయన పత్తి మార్కెట్లో ఒక మండీలో గుమాస్తా. పత్తి సీజన్లో ఆయనకు తిండికే టైం ఉండదు కాబట్టి డిసెంబరులో ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆదోని, ఎమ్మిగనూరు మధ్య బస్సుల్లో తిరిగింది అమ్మా, సెలవులకు వచ్చాక నేనూ.

బయాప్సీ రిపోర్టు చదవడం నేను అప్పుడే నేర్చుకున్నా. గడ్డ 2.8 సెంటీమీటర్లు. గ్రేడ్ 2. చంకలోంచి తీసిన 14 గ్రంథుల్లో ఒక్కదానిలోనూ జబ్బు లేదు. ఈఆర్, పీఆర్ పాజిటివ్, అంటే ఆ గడ్డ ఆడ హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రకం. హెర్2 నెగెటివ్. ఈ రకానికి ఎటూ అయిదేళ్లు రోజుకో హార్మోన్ మాత్ర మింగాలి, దాంట్లో చర్చ లేదు. చర్చంతా దానిపైన కీమో కూడా కావాలా అన్నదే. ఇక్కడే ఒక మాట. గ్రంథులకు పాకినా, హెర్2 పాజిటివ్ అయినా, మూడూ నెగెటివ్ అయినా, వయసు చిన్నదైనా లెక్క పూర్తిగా మారిపోతుంది. మా పెద్దమ్మ కథ చదివి మీ ఇంట్లో ఎవరికీ సలహా చెప్పకండి.

సలహాలంటే గుర్తొచ్చింది. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర. ఊరు విడిచి పోయినవాళ్లంతా వస్తారు, వచ్చినవాళ్లంతా పలకరించడానికి ఇంటికొస్తారు. పలకరింపంటే మన దగ్గర ఎట్లుంటాదో తెలుసు గదా. ఒకామె "కీమో చేయించినాక మా వదిన మూడు నెలలు కూడా లేదు" అంటుంది. ఆ వదినకు ఏ స్టేజీలో బయటపడిందో మాత్రం చెప్పదు. ఇంకొకాయన చెట్టు మందు గురించి, అది ఇచ్చే స్వామి గురించి. బెంగళూరు నుంచి వచ్చిన మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, సెల్ఫోన్ చూపించి "కీమో చావును మూడో వంతు తగ్గిస్తాదంట. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు. మా అమ్మ కూడా ఏడుస్తూ "చేయించుకో అక్కా, నీకు దండం పెడతా" అంది.

అన్న చెప్పింది అబద్ధం కాదు. పెద్ద పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి చూసినప్పుడు వచ్చిన అంకె దాదాపు అదే. కానీ దేంట్లో మూడో వంతు? మనం ప్రాబబిలిటీ పేపర్ రాసి మర్చిపోయే సంగతి ఇదే. నూటికి 30 మంది పోయే జబ్బులో మూడో వంతు అంటే పదిమంది బతుకుతారు. నూటికి 9 మంది పోయే జబ్బులో అదే మూడో వంతు అంటే ముగ్గురు. కీమో కష్టం మాత్రం రెండు చోట్లా నూరు మందీ పడాల్సిందే.

పెద్దమ్మ బడికి పోయింది మూడో తరగతి వరకే. కానీ ఆ ఇంట్లో సరైన ప్రశ్న వేసింది ఆమే. "నూటికి ఎంతమందికి పనికొస్తాది అది? ముందు అది చెప్పురా" అంది.

డాక్టరమ్మ తన కంప్యూటర్లో పెద్దమ్మ వివరాలు కొట్టి చూపించిన అంకెలు నా దగ్గరున్నాయి. చాప మీద నూరు కండెలు పరిచా. తెల్లదారం చుట్టినవి 91, ఎర్రవి 9. "మాత్ర ఒక్కటే మింగితే పదేళ్లకు ఇట్లుంటాది" అన్నా. "ఎర్రవి పోయేవా?" అంది సూటిగా. అవునన్నా. ఎర్రవాటిలో మూడు తీసి పక్కన పెట్టి "కీమో చేయిస్తే ఈ ఇద్దరో ముగ్గురో దక్కుతారు. మిగిలిన ఆరుకు చేసినా ఆగదు. ఈ తెల్లవాటికి, ఈ జబ్బు మాట వరకు, చేసినా చేయకున్నా ఒకటే" అన్నా.

చాలాసేపు చూసింది. మా అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పెద్దమ్మ ఆ మూడు కండెలు చేతిలోకి తీసుకుని "ఈ మూడు ఏవో ముందే తెల్సుకునే దారి లేదా?" అంది.

నిజానికి ఈ యాభై ఏళ్ల పరిశోధన తిరిగిందంతా ఆ ప్రశ్న చుట్టే. ఆపరేషన్ తర్వాత కీమో అనే పద్ధతి నిలబడింది 1976లో. ఇటలీలోని మిలాన్లో బొనడోనా అనే డాక్టరు గ్రంథులకు పాకిన జబ్బున్న ఆడవాళ్లకు మూడు మందులు కలిపి ఇచ్చి, తిరగబెట్టడం బాగా తగ్గిందని చూపించాడు. దాన్ని సీఎంఎఫ్ అంటారు. మధ్యలో ఉన్న ఎం అంటే మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు. ఆయన 1948లోనే పోయారు, ఇదంతా చూడలేదు. (ఇది చెబితే పెద్దమ్మ "మనోడేనా!" అని మురిసిపోయింది. ఆమెకు రాయబోయే మందుల్లో అది లేదని నేను చెప్పలేదు.) ఆ తర్వాత చాలా ఏళ్లు చాలామందికి కీమో ఇస్తూ పోయారు, ఎవరికి అక్కర్లేదో కచ్చితంగా తేల్చే దారి లేక. 2018లో టైలర్ఎక్స్ ఫలితాలొచ్చాయి. పదివేల మందికి పైగా ఆడవాళ్లు, అందరిదీ పెద్దమ్మ లాంటి రకమే. గడ్డలోని 21 జన్యువులు చూసి స్కోరు ఇచ్చే పరీక్షలో మధ్యస్థంగా వచ్చినవాళ్లలో, యాభై దాటినవాళ్లకు మాత్రతో పాటు కీమో ఇచ్చినా అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది.

ఆ అమెరికా పరీక్ష ఖర్చు లక్షల్లో. దాని బదులు బెంగళూరులో ఆంకోస్టెమ్ అనే సంస్థ చేసిన క్యాన్అసిస్ట్ బ్రెస్ట్ అనే పరీక్ష ఉంది, ధర చాలా తక్కువ. అయిదు ప్రొటీన్లు, గడ్డ సైజు, గ్రేడ్, గ్రంథుల సంఖ్య, వీటిని ఒక మెషిన్ లర్నింగ్ మోడల్‌కిచ్చి అయిదేళ్లలో జబ్బు దూరంగా పాకే ముప్పు తక్కువా ఎక్కువా అని చెబుతుంది. మనం మినీ ప్రాజెక్టులో వాడి పారేసే ఎస్వీఎం, అదే. నాకు ఒళ్లు జలదరించింది.

విచిత్రమేమంటే, ఆపరేషన్ కార్డు మీద అయ్యింది, కీమో కూడా కార్డు మీదే అవుతుంది, కానీ కీమో అక్కర్లేదని తేల్చే పరీక్షకు మాత్రం చేతి డబ్బులే పెట్టుకోవాలన్నారు. దీని మీద నాకున్న కోపం ఇక్కడ రాయను, పేజీలు చాలవు.

అన్న డబ్బు కడతానన్నాడు. పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "ఎక్కువని వస్తే కీమోకు పోతానా పోనా, అది తేల్చుకోనీ. పోకపోతే ఈ దుడ్డు దండగే గదా" అంది. రెండు రోజులు ఆలోచించి "వస్తే పోతా" అని చెప్పాకే గడ్డ ముక్క ఉన్న మైనపు బ్లాకు బెంగళూరుకు పంపించాం.

ఆ రెండు రోజులూ ఆమె దేనికి భయపడిందో మాకు తర్వాత తెలిసింది. జుట్టు గురించి కాదు. "ఎంట్రుకలు మల్లా మొలుస్తాయి లే" అని మొదటి రోజే కొట్టిపారేసింది. వాంతులకూ కాదు. మొత్తం నాలుగు సార్లు, 21 రోజులకొకసారి, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా బస్సులో కర్నూలు పోయి రావడమూ కాదు. రాత్రిపూట జ్వరమొస్తే తెల్లకణాలు తగ్గాయేమోనని అప్పటికప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలన్న భయమూ అంతగా లేదు. ఇవ్వబోయే మందుల్లో ఒకదానివల్ల కొందరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయని, ఆ తిమ్మిరి కొందరిలో పూర్తిగా పోదని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెను పట్టుకుంది. "పోగు తెగింది కంటికి కనపడదురా, ఏలికి తెలుస్తాది. ఏళ్లే మొద్దుబారితే నేనేం చేసేది, గోడకు ఆనుకోని కూచోవాల్నా?" అంది. అన్న "ఇంక కండెలు చుట్టేదేంటికమ్మా, నేను చూసుకుంటా గదా" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. ఆ మౌనం అన్నకు అర్థమైందో లేదో నాకు తెలీదు.

రిపోర్టు వచ్చింది. ముప్పు తక్కువ.

"తక్కువ అంటే లేదని కాదు" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి, కీమో లేకుండా లెట్రోజోల్ మాత్ర రాసి, ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో చీటీ ఇచ్చారు. అమ్మ ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా "చేయించి ఉంటే ఒక ధైర్యం ఉండేది" అంటుంది. నేను వాదించడం మానేశా. ఆ మూడు కండెల్లో ఒకటి తన అక్క కావచ్చేమోనన్న భయానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ మాత్రకూ ఒక తంటా ఉంది. హార్మోన్ పూర్తిగా తగ్గేసరికి కీళ్లు పట్టేస్తాయి, పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. ఏ వేళ్ల కోసం అంత ఆలోచించిందో ఆ వేళ్లే! మాత్ర మార్చి చూద్దామా అని డాక్టరమ్మ అడిగితే "ఇంకో రెండు నెలలు చూస్తా" అందట. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్ల బొకెనలో పది నిమిషాలు చేతులు పెడుతుంది. పిడికిలి రెండు మూడుసార్లు మూసి తెరుస్తుంది. తొమ్మిదిన్నరకు రాట్నం ముందు కూర్చుంటుంది. మొన్న పెద్దనాయన ఫోన్ చేసినప్పుడు వెనకాల రాట్నం చప్పుడు వినిపించింది. ముందు రోజుకు ముప్పై చుట్టేది, ఇప్పుడు ఇరవై దాకా చుడుతోందట.