ఆరో ఏడు

మా అమ్మాయి ఇయర్ సిక్స్‌లోకి వచ్చిందని ఫోన్లో చెప్పగానే నరసరావుపేట నుంచి మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "దానికి పబ్లిక్ పరీక్షేమన్నా ఉంటుందట్రా?" అని. మా చిన్నప్పుడు ఏడో తరగతికి పబ్లిక్ ఉండేది కాబట్టి ఆవిడ భయం ఆవిడది. "కాదమ్మా, ఇక్కడ ప్రైమరీ స్కూలుకి ఇదే ఆఖరి ఏడు. దీని తర్వాత పెద్ద స్కూలు" అన్నాను. "అయితే మన అయిదో తరగతన్నమాట" అని తేల్చేసింది.

ఇంగ్లండుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎక్కడైనా పుట్టినరోజు పార్టీలో కనబడితే నన్ను పట్టుకుని అడుగుతుంటారు, ఇయర్ సిక్స్ అంటే ఎలా ఉంటుందండీ, ఏం చూసుకోవాలండీ అని. తేదీలూ అవీ చెబుతాను. అసలు సంగతి బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ తేదీల సంగతే చెప్పేస్తాను. అందరూ మే నెలలో వచ్చే శాట్స్ గురించి కంగారు పడతారు. నిజానికి ఆ మార్కులకీ పెద్ద స్కూల్లో సీటుకీ సంబంధం లేదు. ఏ స్కూలు వచ్చిందో మార్చి 1నే తెలిసిపోతుంది. దానికి దరఖాస్తు అంతకుముందు అక్టోబరు 31 లోపలే పెట్టాలి. గ్రామర్ స్కూళ్ళున్న చోట్ల ఇంకా ముందు, సెప్టెంబరులోనే, ఎలెవెన్ ప్లస్ పరీక్ష. అంటే పిల్లలు వేసవి సెలవుల నుంచి వచ్చి బ్యాగు దులుపుకునే లోపే పెద్ద పరీక్ష అయిపోతుంది.

మేం 2019లో హౌన్‌స్లో నుంచి బకింగ్‌హామ్‌షైర్‌కి మారింది ఆ పరీక్ష కోసమే. ఈ కౌంటీలో 13 గ్రామర్ స్కూళ్ళున్నాయి. పరీక్షలో 121 వస్తే అర్హత. గృహప్రవేశానికి వచ్చిన ప్రతివాళ్ళకీ నేను ఇల్లు చూపిస్తూ, "పాప చదువు కోసమేనండీ ఇంత అప్పు చేసింది" అని చెప్పాను. పాపకి అప్పుడు ఆరేళ్ళు. మా కాళ్ళకి అడ్డం పడుతూ అక్కడే తిరుగుతోంది. వింటోందని నాకు తట్టలేదు. ఆ మాట తర్వాత నాలుగేళ్ళలో ఎన్నిసార్లన్నానో నాకు గుర్తులేదు, మా ఆవిడకి మాత్రం గుర్తుంది.

ఇయర్ ఫోర్ నుంచీ శనివారాలు ట్యూషను. ఒక బొమ్మని తిప్పితే ఎలా కనిపిస్తుంది, ఈ అయిదింటిలో జట్టుకి చేరనిదేది అంటూ పుస్తకాలు పుస్తకాలు. పిల్ల గొణగకుండా చేసింది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. గొణగని పిల్ల ఏదో మోస్తోందన్నమాట.

2023 అక్టోబరులో ఆఫీసులో ఉండగా ఈమెయిల్ వచ్చింది. 117.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. 1989లో నేను అయిదో తరగతిలో ఉండగా మద్దిరాల నవోదయ కోసం ఎంట్రన్స్ రాశాను. సీట్లు ఎనభై, రాసేవాళ్ళు జిల్లా అంతా. మా నాన్న రోజూ తెల్లవారుజామున లాంతరు పెట్టి లెక్కలు చేయించేవాడు. నాకు సీటు రాలేదు. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా, "వాడికి పెరుగు వెయ్యి" అని అమ్మతోనే చెప్పేవాడు. అప్పుడే అనుకున్నాను, నాకు పిల్లలుంటే ఇలా చెయ్యకూడదని.

చెయ్యలేదు కూడా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిల్లని దగ్గరికి తీసుకుని "ఏం పర్లేదు తల్లీ" అన్నాను. అని లాప్‌టాప్ తెరిచాను. అర్హత రానివాళ్ళకి సెలక్షన్ రివ్యూ అని ఇంకో దారి ఉంది. దాని నియమాలన్నీ చదివాను. అర్ధరాత్రి దాకా హైదరాబాదులో ఉన్న మా బావతో "నాలుగంటే నాలుగు మార్కులు బావా" అని అదే పాట. వారం రోజులు నేను ఇంట్లో మాట్లాడిందంతా దాని గురించే. దానితో ఒక్క మాట లేదు. మూడు రోజులు మౌనం పాటించిన మా నాన్నే నయం, ఆయనకి తనేం చేస్తున్నాడో తెలుసు.

మా స్కూలు ముందు రోడ్డు దాటించడానికి లాలీపాప్ లేడీ ఉంటుంది. పసుపు కోటు వేసుకుని, పొడుగు కర్రకి గుండ్రటి బోర్డు పట్టుకుని కార్లని ఆపే పెద్దావిడ. మా పిల్లని నాలుగేళ్ళుగా ఎరుగును. ఆ వారం చివర్లో ఒక పొద్దున ఆవిడ ఆపితే ఆగాం. అప్పుడు మా అమ్మాయి రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"డాడీ, ఇప్పుడు మనం ఈ ఇల్లు అమ్మేసి మళ్ళీ హౌన్‌స్లో వెళ్ళిపోతామా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఎందుకమ్మా అన్నాను. "గ్రామర్ కోసమే కదా కొన్నాం. నాకు రాలేదు కదా" అంది. ఏడుపు లేదు. ఆ మాట అంతకు ముందే చాలా రాత్రులు అనుకున్నట్టు ఉంది గొంతు. ఆవిడ బోర్డు ఎత్తింది, పిల్ల దాటి వెళ్ళిపోయింది. నేను ఇవతలే నిలబడిపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ టీ పెడుతూ, "నేను మీతో చెప్పలేదా? మీరు వింటేగా" అంది. అంతే. ఆ పూట ఆఫీసుకి వెళ్ళలేదు.

సాయంత్రం పిల్లని కూర్చోబెట్టి చెప్పాను, ఇల్లు అమ్మడం లేదని, ఇల్లు మనం ఉండడానికి కొన్నామని, నేను అందరితో అన్నది తప్పు మాటని. నమ్మినట్టు తలూపింది. నమ్మడానికి ఇంకా చాలా రోజులు పట్టిందని నాకు తెలుసు. రివ్యూకి పెట్టలేదు. పెట్టినవాళ్ళని తప్పు పట్టను, కొందరికి వచ్చింది కూడా. మాకు మాత్రం ఇంక వద్దనిపించింది.

గ్రామర్ కానివాటిని ఇక్కడ అప్పర్ స్కూళ్ళంటారు. మైలు దూరంలో ఉన్నదాన్ని చూడ్డానికి ముగ్గురం వెళ్ళాం. సైన్సు ల్యాబులో ఒక మాస్టారు గుమ్మడికాయ లోపల ఏదో వాయువు నింపి ఢామ్మని పేల్చాడు. నెలరోజుల తర్వాత మా పిల్ల పగలబడి నవ్వడం అప్పుడే విన్నాను. ఫారంలో మొదట ఆ స్కూలే రాశాం. మార్చి 1న అదే వచ్చింది.

శాట్స్ ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో. 2024లో మే 13 నుంచి 16 దాకా, నాలుగు రోజుల్లో ఆరు పేపర్లు. 80 నుంచి 120 దాకా స్కేలు, 100 వస్తే ఆ వయసుకి ఉండాల్సింది ఉన్నట్టు. ఫ్రంటెడ్ అడ్వర్బియల్ అంటే ఏమిటో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు అదే నేర్పింది. వాక్యం మొదట్లో వచ్చి కామా పెట్టించుకునేదట. ఇరవై ఏళ్ళుగా తెలియకుండా వాడేస్తున్నాను.

మీరు అసలు సిద్ధపడాల్సినవి ఆ తర్వాత, జూన్ జులైల్లో వస్తాయి. అయిదు రోజుల క్యాంపుకి సామాన్ల జాబితా వచ్చింది. ఫోను తేవద్దని రాశారు. శానిటరీ ప్యాడ్లు అవసరమైతే పెట్టండని కూడా రాశారు. నేను ఆ లైను దాటేసి టార్చిలైటు కొనడానికి బయల్దేరాను. మా ఆవిడ పిల్లని గదిలోకి పిలిచి తలుపేసుకుంది. క్లాసులో శరీరంలో వచ్చే మార్పుల పాఠం ఉంటుందని ఉత్తరం వస్తే, మా అమ్మకి చెబితే "అయ్యో, మగపిల్లలు కూడా వింటారా?" అంది. వింటారు. వినడమే మంచిదనిపించింది నాకు.

ఆ నెలలోనే "ఒంటరిగా ఇంటికి రావచ్చు" అని సంతకం పెట్టమని ఒక కాగితం తెచ్చింది. పెట్టాను. మొదటి రోజు పొద్దున అది ముందు నడుస్తుంటే వందగజాల వెనక, చెట్లచాటున నేను. లాలీపాప్ లేడీ నన్ను చూసి నవ్వి, పిల్లకి చెప్పలేదు. జులై చివరి రోజున తెల్లచొక్కా నిండా స్నేహితుల సంతకాలతో ఇంటికొచ్చింది. ఉతకొద్దని వాళ్ళమ్మకి పదిసార్లు చెప్పింది.

సెప్టెంబరులో కొత్త స్కూలు మొదలైన రోజు పిల్ల ఏడున్నరకే వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నరకి నేను పాలకని బయల్దేరి, అలవాటుగా ఆ రోడ్డు దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను. చుట్టూ చిన్నపిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. ఆవిడ నన్ను చూసి, "మీకింకా చిన్నవాళ్ళెవరూ లేరు కదా?" అంది. లేరన్నాను. అయినా బోర్డెత్తి కార్లని ఆపింది. దాటాక, అవతల నాకు పనేమీ లేదు.