దోస్తుకు ఏమియ్యాలె

మా చిట్యాల నుంచి రోజూ హైదరాబాద్‌కు పోయొచ్చే దోస్తు ఒకడున్నడు. ఆఫీసు ఒత్తిడి, ఇంటి అప్పు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఎట్లున్నవురా అంటే "ఏముంది, నడుస్తుంది" అంటడు. పుట్టినరోజు దగ్గరపడ్డది. ఇంత పరేషాన్ల ఉన్నోనికి ఏమియ్యాలె?

సువాసనల కొవ్వొత్తులు మస్తు దొరుకుతున్నయి. కానీ వాని ఇల్లు 65వ నంబరు జాతీయ రహదారి పక్కన; రాత్రంతా లారీల మోత. కొవ్వొత్తి ఏం జేస్తది! ధ్యానం నేర్పే పుస్తకమిస్తే, అది వానికి ఇంకో పని. నిద్రను లెక్కగట్టే చేతి గడియారమా? నిద్రపట్టనోనికి ఆ లెక్క చూపెట్టుడు మోటుతనమే.

నా మనసు పుట్టపాక నేతబట్టల దిక్కు పోయింది. అక్కడి తేలియా రుమాలుకు నూలును నూనెల, ఆముదం కాయల బూడిదల పదేపదే నానబెట్టి ఆరబెడతరు. అందుకే బట్ట మెత్తగుంటది, ఎండల చల్లగుంటది. ఒకప్పుడు ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయేవి. 2020ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత శ్రమ ఉన్న బట్ట, ధర తక్కువెట్లుంటది? అందకపోతే నేత దుప్పటన్న సరే. ఒంటికి తగిలే నూలుబట్టకు వాడే పద్ధతి నేర్చుకునే పనిలేదు.

దానితోపాటు ఇంకొకటి ఇస్త. ఈసారి అమ్మను దవాఖానకు నేనే తీసుకపోత. ఆ పూట వాడు ఇంట్ల పండుకోవాలె.

మీరు కూడా దుకాణానికి పోయేముందు, మీ దోస్తు ఇంట్ల ఆగిపోయిన పని ఏముందో ఒకసారి అడుగుండ్రి.