పెదవికి ఏటా రెన్యువల్

యాభై నాలుగేళ్ళ బ్యాంకు ఆఫీసరమ్మ పెదవుల గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ధర్మపురిలో మా ఇంట్లోనూ ముందు నవ్వే వచ్చింది. నాలుగైదేళ్ళుగా నా పైపెదవి పలచబడి, దాని మీద నిలువు గీతలు పడ్డాయి. పెన్షను కోసం వచ్చే పెద్దవాళ్ళు "కోబమా మేడం?" అని తమిళంలో అడుగుతున్నారు. నాకేమో కోపం లేదు!

"ఫిల్లరు వేయించుకో అమ్మా" అంది బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి. "తాంబూలం వేసుకో, ఎర్రగా పండుతాయి" అన్నారు అత్తగారు. మావారు ఖర్చెంతో అడిగారు. సౌందర్యం కోసం చేయించుకునే వాటికి మెడిక్లెయిము రాదని చెప్పాను.

కామర్సు చదివినదాన్ని కదా, అప్పు కాగితాల్లో షరతులు చూసినట్టే ఇదీ చూశాను. ఇప్పుడు పెదవులకు ఎక్కువగా వాడేది హయలూరోనిక్ ఆసిడ్ జెల్. మన చర్మంలో, కీళ్ళలో ఉండే పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఆవు కంటి నుంచి వేరుచేశారు. నీటిని పట్టి ఉంచుతుంది కనుక పెదవి నిండుగా కనిపిస్తుంది. సిరంజిలో సాధారణంగా ఉండేది 1 మి.లీ., అంటే టీ చెంచాలో ఐదో వంతు. సుమారు ఆరు నెలల నుంచి ఏడాది వరకు నిలుస్తుంది.

ఏటా రెన్యువల్ ఎందుకు, శాశ్వతంగా ఉండే సిలికాన్ వేయించుకుంటే పోలేదా అన్నారు మావారు. నేను మాత్రం కరిగిపోయేదానికే ఓటు వేశాను. ఈ జెల్ నచ్చకపోతే హయలూరోనిడేస్ అనే ఎంజైము సూదితో కరిగించవచ్చు. సిలికాన్ ద్రవానికి అలాంటి విరుగుడు లేదు. ఏళ్ళ తరువాత కూడా గడ్డలు కట్టవచ్చు. ముఖం నింపడానికి దాన్ని ఎక్కించుకోవద్దని అమెరికా ఎఫ్.డి.ఏ. హెచ్చరించింది.

ఏ జెల్ అయినా పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. అందుకే బెంగుళూరులో చర్మవైద్యురాలిని ధర కన్నా ముందు, ఆ ఎంజైము గదిలో సిద్ధంగా ఉంటుందా అని అడిగాను. ఆవిడ బీరువా తెరిచి సీసా చూపించారు. బ్యూటీ పార్లరులో ఈ ప్రశ్న అడిగి చూడండి!

నాకు ఇంకో చిక్కుంది. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. దాంతో సూది పడ్డచోట కమిలిపోవడం ఎక్కువట. పెదవి కోసం ఆ మాత్ర సొంతంగా మానడానికి వీల్లేదన్నారావిడ. వచ్చే వారం సేలంలో గుండె డాక్టరుగారిని కలవాలి. ఆయన సరేనన్నాకే తారీఖు వేసుకుంటాను.