నేను చూడని ఫైనల్

మా తెనాలి పిల్లలకి ఫుట్‌బాల్ బంతి ఎక్కడిది? ఆడితే క్రికెట్, సాయంత్రమైతే కబడ్డీ, వాలీబాల్. ఆ వాలీబాల్‌ని కాలితో తన్నామంటే డ్రిల్లు మాస్టారు ఊరుకునేవారు కాదు. అయినా 1986లో దూరదర్శన్ మెక్సికో ప్రపంచకప్ చూపించేసరికి వీధిలో సగంమందిమి మారడోనా పార్టీ అయిపోయాం. ఇంగ్లండ్ మీద ఒక గోలు చేత్తో వేశాడు, నాలుగు నిమిషాల తర్వాత ఇంకోటి తమవైపు సగంలోంచి బంతి తీసుకుని, అడ్డొచ్చినవాళ్లందర్నీ దాటుకుంటూ పోయి వేశాడు. మొదటిది తప్పు కదరా అని మా నాన్న అంటే ఆయన మీద అలిగాను. నా అభిమానం మొదటినుంచీ అలాంటిదే.

మా వీధిలోనే నా స్నేహితుడి తాతయ్యగారి ఇల్లు. వాడిది రేపల్లె, చదువు కోసం అమ్మమ్మగారింట్లో ఉండేవాడు. సెలవొస్తే రేపల్లె పాసింజరెక్కి వెళ్లేవాడు, వేమూరు, భట్టిప్రోలు దాటి రైలు ఆగే చివరి స్టేషను దాకా. తాతయ్య సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై వచ్చారు. వాళ్లింట్లో సాలిడేర్ కలర్ టీవీ ఉండేది. 1990 ప్రపంచకప్ అంతా దానిముందే గడిపాం.

ఆ జూన్‌లో నేనొక రూలు పెట్టాను. అర్జెంటీనా నాది. ఇంకెవడైనా అర్జెంటీనా అంటే, 'నిన్నమొన్నటిదాకా నీకు మారడోనా అంటే తెలుసా?' అని నోరు మూయించేవాణ్ణి. మావాడు జర్మనీ అన్నాడు. అంతే, నాకు శత్రువు దొరికాడు. మొదటి మ్యాచ్‌లోనే కామెరూన్ చేతిలో మావాళ్లు ఓడినప్పుడు వాడు ఒక్క మాట అనలేదు. సెమీఫైనల్లో, అదీ మారడోనా ఆడే నేపుల్స్‌లోనే, ఇటలీని పెనాల్టీల్లో ఓడించినప్పుడు మాత్రం నేను వాడి చెవిలో పెట్టి అరిచాను.

ఫైనల్ జులై 8, ఆదివారం రాత్రి పదకొండున్నరకి. హాల్లో చాపలు పరిచారు. పందెం కూడా కట్టాం: ఓడినవాడు గెలిచినవాడి సైకిలు వారంపాటు తుడవాలి. హాఫ్ టైమ్‌కి గోల్ లేదు. అప్పుడు తాతయ్య పడక కుర్చీలోంచి మొదలుపెట్టారు.

'1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్ ఇలా కాదురా. కొరియా మీద. గ్రౌండంతా మనవాళ్లని తిడుతూనే ఉంది. మన రహీం సాబ్ కోచ్. అప్పటికే ఆయనకి కేన్సర్. జర్నైల్ సింగ్ తలకి కుట్లు, అయినా దిగాడు...'

'తాతయ్యా, మీ జకార్తా కథలు వినటానికి రాలేదు' అన్నాను. ఆయన ఆగిపోయారు. హాల్లో ఎవరూ ఏమీ అనలేదు. నాకు అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు.

సెకండాఫ్‌లో మావాళ్లలో మోంజోన్‌కి రెడ్ కార్డ్. 85వ నిమిషంలో జర్మనీకి పెనాల్టీ. బ్రేమె కొట్టాడు, మా గోలీ గోయికోచియా సరైన వైపే దూకాడు, అందలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన వివరాలు. ఆ క్షణంలో నేను టీవీ చూడలేదు, మావాడి మొహం చూస్తున్నాను. వాడు నవ్వుతాడేమో, చప్పట్లు కొడతాడేమో, కొడితే ఏమనాలో మాట సిద్ధం చేసుకుంటున్నాను. వాడు కదల్లేదు. మ్యాచ్ అయిపోయి మారడోనా గ్రౌండ్‌లో ఏడుస్తుంటే కూడా వాడు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం నాకు పొగరుగా కనిపించింది. 'రిఫరీని కొనుక్కుని గెలిచిన కప్పు మీకే ఉండనీ' అని లేచి వచ్చేశాను. సైకిలు తుడవలేదు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా వాడితో మాట్లాడలేదు.

తర్వాత మామూలైపోయాం, పిల్లలం కదా. వాడు బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ఉద్యోగాల్లో తిరిగి తిరిగి బాపట్లలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆ రాత్రి సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

2020 నవంబర్ 25న మారడోనా పోయాడు. ఆ రాత్రే వాడు ఫోన్ చేశాడు. కాసేపు మామూలు కబుర్లయ్యాక, 'ఆ రోజు నీ ముందు ఏడవలేక చచ్చాన్రా' అన్నాడు. నాకు అర్థం కాలేదు. నువ్వు జర్మనీ కదరా అన్నాను.

'నేనూ మారడోనా మనిషినే. నువ్వు ఎవర్నీ అర్జెంటీనా అననిస్తేగా! పైగా ఎదురు పార్టీ ఎవడూ లేకపోతే నీకు సరదా ఏముంది? అందుకని జర్మనీ అన్నాను.'

ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాడు నాకోసం ఓడిపోయే పక్షంలో కూర్చున్నాడు. తీరా ఆ పక్షమే గెలిచింది. తనకి ఇష్టమైనవాడు ఏడుస్తుంటే వాడు కన్నీళ్లు ఆపుకుంటున్నాడు, నేనేమో ఆ మొహంలో పొగరు వెతికాను. పోనీ ఆ ఫైనల్లో మారడోనా ఎలా ఆడాడు అని ఆలోచిస్తే, ఒక్క పాసు గుర్తు రాలేదు. నేను ప్రాణం పెట్టానని అనుకున్న మ్యాచ్‌లో నాకు మిగిలింది వాడి మొహం ఒక్కటే. గెలవటమంటే నాకు ఎదుటివాడు చిన్నబోవటం. అది చూడటానికే కూర్చున్నాను, ఆట చూడటానికి కాదు. మీరూ ఏదో ఒక ఫైనల్లో, క్రికెట్టే అనుకోండి, తెర వదిలేసి పక్కవాడి మొహం చూసే ఉంటారు.

ఆ రాత్రే ఫోన్లో పాత మ్యాచ్ వెతికి చూశాను. అర్జెంటీనా గోల్ దగ్గరికి వెళ్లిందే తక్కువ. ఆ పెనాల్టీ మీద ఇప్పటికీ వాదన ఉంది, నిజమే. కానీ బాగా ఆడింది మాత్రం జర్మనీ. అంతకాలం మోసపోయామనే చెప్పుకుంటూ తిరిగాను.

తాతయ్య గుర్తొచ్చారు. అప్పటికి ఆయన లేరు. జకార్తా ఫైనల్ ఆయన కళ్లతో చూసింది కాదు, రేడియోలో విన్నది, పేపర్లో చదివింది. అయినా 2-1 గెలుపులో పి.కె. బెనర్జీ 17వ నిమిషంలో, జర్నైల్ 20వ నిమిషంలో వేసిన గోల్స్ వరసతో సహా ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలవటం, ఆ టీమ్‌ని తయారుచేసిన రహీం జకార్తా తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో పోవటం, ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ కాలంలో సికింద్రాబాద్‌లో బతికిన మనిషి నా ఎదురుగా కూర్చుని చెప్పబోతే ఆపింది నేనే. ఆయనకి క్షమాపణ చెప్పే అవకాశం లేకపోయింది. మావాడికి చెప్పాను. వాడు 'పోన్లేరా' అన్నాడు గానీ, వాడు అన్నంత మాత్రాన పోయేది కాదది.

2022 డిసెంబర్ 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ బాపట్లలో వాళ్లింట్లోనే చూశాం. ఈసారి ఇద్దరం బాహాటంగా అర్జెంటీనా. వాడి రెండోవాడు, హైస్కూలు పిల్లాడు, ఎంబాపే అభిమాని. అర్జెంటీనా 2-0 అయ్యాక వాణ్ణి ఏదో ఒకటి అనాలని నాలుక దురద పెట్టింది. అంతలోనే ఎంబాపే 80, 81 నిమిషాల్లో రెండు కొట్టాడు. 3-3 దగ్గర పెనాల్టీలకి వెళ్లి, అర్జెంటీనా తరఫున మోంటియెల్ చివరిది కొట్టాక పిల్లాడు దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

వాడి పక్కన కూర్చుని, నీకు ఏ గోల్ నచ్చిందిరా అని అడిగాను. రెండోది అన్నాడు. బంతి నేలని తాకకముందే కొట్టాడు చూడండి అంకుల్, అంటూ లేచి దిండుతో చేసి చూపించాడు. పొద్దున్నే స్కూలుందని వాళ్లమ్మ లోపల్నుంచి కేకేస్తున్నా ఆపలేదు. ఎక్‌స్ట్రా టైమ్ చివర్లో కోలో మువానీ తనే కొట్టకుండా మధ్యలో ఖాళీగా ఉన్న ఎంబాపేకి ఇచ్చి ఉంటే కప్పు ఫ్రాన్స్‌దేనని వాదించాడు. అర్జెంటీనా గోలీ మార్టినెజ్ కాలు అడ్డం పెట్టి ఆపిన ఆ షాట్‌ని ఫోన్లో మళ్లీ పెట్టుకుని చూశాం. కుర్రాడు చెప్పింది నిజమే.