చుక్క పడేది ఒకచోట..!

విజయవాడ బందరు రోడ్డులో పటమట దాటితే చాలు, గాలి వాసన మారిపోతుంది. డీజిల్, వెల్డింగ్ పొగ, కొత్త పెయింటు... అన్నీ కలిసి ‘ఆటోనగర్ వచ్చింది’ అని కండక్టర్ కన్నా ముందే చెప్పేస్తాయి. ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. ఇంకో వీధిలో కమాన్ కట్టలు సరిచేస్తుంటారు. లేత్ మిషన్లు, రేడియేటర్లు, సీటు కవర్లు... ప్రతి పనికీ ఓ సందు. 1960లలో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్ పేరు మీద 2014లో నాగచైతన్య హీరోగా ‘ఆటోనగర్ సూర్య’ అని సినిమా కూడా వచ్చింది.

ఇక్కడికొచ్చే వాళ్లంతా బండి అప్పగించి బెంచీ మీద కూర్చుంటారనుకుంటే పొరపాటే. కాగితంలో చుట్టిన పాత ముక్క పట్టుకుని ‘ఇలాంటిదే కావాలి’ అంటూ షాపు షాపూ తిరిగేవాళ్లూ ఉంటారు. బిగించుకునేది వాళ్లే. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చిన ఓ రిటైర్డు లెక్కల మాస్టారు ఆ కోవలోని వారే.

ఆయనది కార్బ్యురేటర్ రోజుల నాటి మారుతీ 800. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని మరీ నడుపుతున్నారు. భార్యను వారం వారం విజయవాడ ఆస్పత్రికి తీసుకొచ్చేది అందులోనే. కొన్నాళ్లుగా పొద్దున్నే బండి తీస్తే కింద నల్లటి మరక. ఊళ్లో చూపిస్తే ‘వెనక క్రాంక్ సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి’ అన్నారు. ఆ ఖర్చు పెట్టేకన్నా తుక్కుకివ్వడం నయమని సలహా కూడా ఉచితంగా ఇచ్చారు!

లెక్కల మాస్టారు కదా, లెక్క చేయకుండా జవాబు చెబితే ఒప్పుకోరు. రాత్రి బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరిచారు. పడింది నల్లగా, జిడ్డుగా ఉంది. అంటే ఇంజిన్ ఆయిలే. డిప్‌స్టిక్ తీస్తే కింది గీత దగ్గరికి దిగిపోయింది. ముందు ఆయిల్ పోశారు. ఆయిల్ లేకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే తుక్కు.

అసలు కిటుకు తర్వాత ఉంది. నూనె కారిన చోట నుంచి కిందికి పాకుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. చుక్క గేర్‌బాక్సు అతుకు దగ్గర పడుతోందంటే లీకు అక్కడే ఉందని కాదు. అందుకే ఇంజిన్ చల్లారాక కిరోసిన్ గుడ్డతో పైనుంచి కిందిదాకా శుభ్రంగా తుడిచారు. బాగా ఆరనిచ్చారు. అనుమానమున్న అతుకులన్నిటి మీదా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, ఊరి చుట్టూ పది కిలోమీటర్లు తిప్పుకొచ్చారు. టార్చి వేసి చూస్తే ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవరు అంచున, గేర్‌బాక్సు వైపు పౌడర్ తడిసి ముద్దయింది. అక్కడి నుంచి సన్నటి ధార కిందికి. క్రాంక్ సీలు నిర్దోషి! (పౌడర్ కిందే తడిసి ఉంటే మాత్రం అది ఇంట్లో అయ్యే పని కాదు, షెడ్డుకు ఇవ్వాల్సిందే.)

కవరు విప్పి తీసిన రబ్బరు ప్యాకింగే ఆటోనగర్ దాకా వచ్చింది. ఇంజిన్ వేడికి గాజులా బిగుసుకుపోయింది. షాపతను కాస్త వంచాడో లేదో పుటుక్కున విరిగింది. కొత్తది చేతికిస్తూ, ‘‘మాస్టారూ, బ్రీదర్ పైపు చూశారా?’’ అన్నాడు.

చూడలేదు. ఇంజిన్ లోపల పుట్టే ఆవిరి, పొగ బయటికి పోయే దారి అది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా నూనెను బయటికి తోసేస్తుంది. పక్క కొట్లో ఓ పెద్దాయన ఏదో పంపు భాగం మీద ప్యాకింగ్ షీటు పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో టకటకా కొడుతున్నాడు. కొలత లేదు, గీత లేదు. షీటు ఆ ఆకారానికే తెగి ఊడొచ్చింది. లెక్కల మాస్టారు కాసేపు అక్కడే నిలబడిపోయారు.

ప్యాకింగ్ ఖరీదు రెండు టిఫిన్లకు మించలేదు. ఇంటికెళ్లి అంచులు తుడిచి, బ్రీదర్ పైపులో మడ్డి కడిగి, మూలల్లో కాస్త సీలెంటు రాసి బిగించారు. నట్లన్నీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా. బలమంతా చూపిస్తే రేకు కవరు వంగి లీకు మళ్లీ మొదటికొస్తుంది.

మర్నాడు పేపరు మీద ఒక చుక్క కనిపించింది. పాత మడ్డి కాబోలనుకున్నారు. మూడోరోజు ఏమీ లేదు. ఆ వారం ఆస్పత్రికి మారుతీలోనే వెళ్లారు. డిక్కీలో మాత్రం ఓ లీటరు ఆయిల్ డబ్బా పెట్టుకున్నారు.