పాల్వంచలో నొక పూట

భద్రాద్రి రామచంద్రుని సేవింపబోవు సోదరీమణులలో పాల్వంచ పేరు విననివారుండరు. కాని యచట దిగి చూచినవారు మిక్కిలి తక్కువ. కొత్తగూడెమునుండి ఇంచుమించు 12 కిలోమీటర్లు రాగానే విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కానవచ్చును. ఒకప్పుడొక సంస్థానమునకు పేరైన యీ యూరు 2016 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఒకవంక సింగరేణి బొగ్గు, మఱియొకవంక అడవికొండల నడుమ ఆనకట్టచే నిలిపిన కిన్నెరసాని నీరు. ఈ రెండును చేరువనే దొరకుటచేత 1966లో నిచట విద్యుదుత్పత్తి ప్రారంభమైనది.

ఆ పాత కేంద్రముచెంత నెనిమిది కూలింగు టవరులుండెడివి. నడుము సన్నగిల్లిన పెద్ద కాగులవలె నుండి, దూరమునుండియే యూరిని గుర్తుపట్టించెడివి. వానినుండి లేచు తెల్లని మబ్బును జూచి పలువురు పొగ యనుకొనెడివారు. అది నీటియావిరియే. యంత్రములను త్రిప్పి వచ్చిన ఆవిరిని మఱల నీరుగా మార్చుటకు చల్లని నీరు కావలెను. ఆ పనిలో వేడెక్కిన నీటిని టవరులలో జల్లుగా రాల్చి గాలిచేత చల్లార్చెడివారు. పాత యంత్రములు నిలిచిపోయిన పిమ్మట, 2024 ఆగస్టు 5వ తేదీన ఆ యెనిమిదింటిని పేల్చి క్షణములలో కూల్చివేసిరి. 2018లో నడకకు వచ్చిన 800 మెగావాట్ల యంత్రము మొదలగునవి యిప్పుడచట పనిచేయుచున్నవి.

కారు ముందుభాగమున నుండు రేడియేటరు చేయు పనియు నిట్టిదే. ఇంజనులోని వేడిని నీరు మోసికొని వచ్చును. సన్నని గొట్టములలో దిగుచు గాలికి చల్లారి, మఱల లోనికి పోవును. టవరులో నీరు గాలికి తెఱచియుండును, రేడియేటరులో మూసిన గొట్టములలో తిరుగును. భేదమంతయు నింతే.

మొన్నటి శ్రీరామనవమికి ముందు మా అత్తగారిని వెంటబెట్టుకొని, మా మామగారి నాటి కారులో మేము భద్రాచలమునకు బయలుదేరితిమి. ఆ యాత్రయే దానికి కడపటిదనియు, ఏమాత్రము పెద్ద ఖర్చు తగిలినను పాత యినుముక్రింద నమ్మివేయుదమనియు మావారు ముందే నిశ్చయించుకొనియుండిరి. అత్తగారు కాదనలేదు, అవుననలేదు. కొత్తగూడెము దాటిన కొంతసేపటికి ముందుభాగమునుండి ఆవిరి లేచెను. మావారు వెంటనే కారును చెట్టునీడకు చేర్చి ఇంజను నాపివేసిరి.

ఇట్టియెడ సోదరీమణు లెఱిగియుండవలసినది ఒకటి కలదు. రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. లోపల నీరు ఒత్తిడికి లోబడియుండి, 100 డిగ్రీలు దాటినను మరగక నిలుచును. వేడిమీద మూత త్రిప్పితిమా, ఆ నీరంతయు ఒక్కసారిగా మరగి మొగముపైకి చిమ్మును. అరగంటయైనను ఆగి, చేతికి వేడి తగులని పిమ్మట మందపు గుడ్డతో పట్టుకొని మెల్లగా తీయవలెను. కాగిన యింజనులో చన్నీరు గుమ్మరించుటయు కూడదు, ఇనుము బీటలు వాఱును.

త్రోవనుపోవు లారీ డ్రైవరొకడు దిగి చూచి, ఇంజను చల్లారిన పిమ్మట నీరు పోసి, అందులో రెండు చెంచాల పసుపు వేసెను. అత్తగారి పూజసంచిలోని పసుపే యందులకు పనికివచ్చినది. పొడి నీటితో తిరిగి సన్నని బెజ్జమున చేరి దానిని కొంత పూడ్చును. ఇది ఊరు చేరుటకు మాత్రమే చాలు ఉపాయము. అట్లే వదలినచో మంచి గొట్టములును పూడుకొనిపోవును.

పాల్వంచలో మొదట చూపిన దుకాణమువారు పాతదానిని పాఱవేసి అల్యూమినియముది క్రొత్తది బిగింపుమనిరి. ఆ కొలతది హైదరాబాదునుండి రావలెననియు, నాలుగు దినములు పట్టుననియు చెప్పిరి. నవమికి రెండే దినములున్నవి. రెండవచోట నొక వృద్ధుడైన మేస్త్రీ కారుక్రింద తొంగిచూచి, “పంతులుగారూ, ఇది రాగిది. పారెయ్యకండి. మాటేస్తే ఇంకా పదేళ్లు పనిచేస్తది” అనెను. మావారు అత్తగారి మొగము చూచిరి. ఆమె, “వేయించు నాయనా” అని యొక్కమాట మాత్రమనెను.

ఆ పనిని మేము దగ్గఱనుండి చూచితిమి. రేడియేటరు నూడదీసి, దాని నోళ్లు బిగించి, నీటితొట్టిలో ముంచి, గాలి కొట్టెను. బుడగలు లేచినచోటనే బెజ్జము. పిమ్మట పైతొట్టి యతుకును మంటతో కరగించి విప్పెను. గొట్టముల నోళ్లలో తెల్లని పొర కట్టియుండెను. బోరునీటి సున్నము, మనము నీళ్లు కాచు పాత్రలలో చూచునట్టిదే. సన్నని రేకుపుల్లలను గొట్టములలో దూర్చి యా సున్నమును రాల్చి, చిల్లిపడినచోట గీకి, ద్రావకము పూసి, తగరమును సీసమును కలసిన టంకముతో మాటు వేసెను. మఱల తొట్టిలో ముంచగా నొక్క బుడగయైనను లేవలేదు. క్రొత్తదాని వెలలో ఆఱవవంతు కూడ కాలేదు.

మన యిండ్లకు వచ్చి యిత్తడిగిన్నెలకు కళాయి పూయువాని విద్యకు నిది తోబుట్టువు. అయినను జాగ్రత్త యవసరము. వంటపాత్రకు పూయవలసినది శుద్ధమైన తగరము. రేడియేటరు టంకములో సీసముండును గనుక, దానితో వంటపాత్రలకు మాటు వేయింపరాదు.

అతడు మఱల బిగించునంతసేపు మాకు బెర్తా బెంజ్ అను జర్మను గృహిణి జ్ఞప్తికి వచ్చినది. 1888 ఆగస్టులో ఆమె భర్త నిర్మించిన కారులో, ఆయనతో చెప్పకయే, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. ఆ కారులో నీరు చల్లారి మఱల తిరుగుట లేదు, ఆవిరియై పోవుచుండెడిది. అందుచే త్రోవపొడుగునను నీరు పోయుచు పోవలసివచ్చినది. పూడిన ఇంధనపు గొట్టమును టోపీసూదితో బాగుచేసికొన్నది. వేలకొలది చిన్న గొట్టములుగల తేనెపట్టువంటి రేడియేటరును మేబాక్ అను శిల్పి మెర్సిడెస్ కారునకు అమర్చినది 1901 ప్రాంతమున.

పోవునపుడు మేస్త్రీ చెప్పిన మాటలు పాతకారులు గల యిల్లాండ్రకు ఉపయోగించును. ఒకటిరెండు గొట్టములు చిల్లిపడినచో మాటు చాలును. రేకులు చేయి తగులగానే రాలుచున్నను, చాలగొట్టములు పూడినను, నడిమి జల్లెడను మార్పించి రాగితొట్లు నిలుపుకొనవచ్చును. ప్లాస్టికు తొట్లు గల అల్యూమినియము రేడియేటరు పగిలినచో మార్చుటయే మేలు. బోరునీరు పోయక, శుద్ధమైన నీటితో కూలెంటును కలిపి పోయవలెను. కూలెంటు రుచికి తీయగా నుండు విషము. పిల్లలకు, పశువులకు, కుక్కలకు అందునట్లు విడువరాదు.

ఊరు దాటిన పిమ్మట భద్రాచలపు త్రోవప్రక్కనున్న పెద్దమ్మ గుడివద్ద డ్రైవరులు బండ్లను నిలిపి కొబ్బరికాయలు కొట్టుచుండిరి. మేమును కొట్టితిమి. కల్యాణము చూచి, అదే కారులో సుఖముగా ఇల్లు చేరితిమి. అమ్మకపు మాట మావారు మఱల నెత్తలేదు.

మేస్త్రీ కుమారులెవ్వరును ఈ పని నేర్వలేదు. క్రొత్త కారులకు దీని యవసరము లేదు గనుక వారిని తప్పుపట్ట వలనుపడదు. కాని రాగివస్తువు బ్రతికియుండునది దానికి మాటు వేయువాడు బ్రతికియున్నంతకాలమే. మన యూళ్లలో అట్టివారింకను నొకరిద్దఱున్నారు. పాతదానిని అంగడికి తోలుటకు ముందు, వారి గుమ్మమున నొకసారి దింపి చూపించుడు.