అడుగుల లెక్కలో కృష్ణ

ఆగస్టు నెలలో కొల్లాపూర్ వైపు ఇద్దరు ఎదురుపడితే మాటల మధ్య "శ్రీశైలం ఎంతుంది?" అన్న ప్రశ్న రాక మానదు. జవాబు అడుగుల్లో ఉంటుంది. 885 అంటే జలాశయం నిండిందని. 854 కంటే దిగితే పోతిరెడ్డిపాడు కాలువను నమ్ముకున్న రాయలసీమ రైతుకు దిగులు మొదలైనట్టే. 840 దగ్గరికొస్తే సంగమేశ్వరం గుడి బయటపడే రోజులు వచ్చాయని.

అలంపురం దగ్గర తుంగభద్రను కలుపుకున్న కృష్ణ అక్కణ్నుంచి నాగార్జునసాగర్ కట్ట దాకా పేరుకే నది. శ్రీశైలం నీళ్లు ఒక సరస్సు, దాని ఆనకట్ట పాదాల దగ్గరే మొదలయ్యే సాగర్ నీళ్లు ఇంకో సరస్సు. వారాంతంలో హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చేవాళ్లకు ఇది విహారస్థలం. ఒడ్డునున్నవాళ్లకు ఏ నెలలో ఏ పని చెయ్యాలో చెప్పే పంచాంగం.

మొదట అలంపురం. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు ఇప్పటికీ పొడిగా నిలబడి ఉన్నాయంటే, ఊరి పక్కన నీటికి అడ్డంగా కట్టిన పెద్ద గోడే కారణం. సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లూ అలాగే వచ్చాయి. దిగువన జటప్రోలులో మదనగోపాలస్వామి, సోమశిలలో లలితా సోమేశ్వరుడు కూడా మునిగే చోటు వదిలి మెరకకు చేరినవాళ్లే. పని శ్రద్ధగా చేశారు. చెక్కడాలు చూస్తే ఇది రెండోసారి పేర్చిన గుడి అని చెబితే తప్ప తెలియదు.

దేవుళ్లకు దొరికిన ఈ శ్రద్ధ మనుషులకు దొరకలేదు. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీశైలం ప్రాజెక్టు, అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లను ముంచింది. 1981 వేసవిలో, నీళ్లు వచ్చేలోగా ఇళ్లు ఖాళీ చేయించడానికి అధికారులు చేపట్టిన కూల్చివేతలకు 'ఆపరేషన్ డెమాలిషన్' అన్న పేరే మిగిలింది. ఇంటికో ఉద్యోగం ఇస్తామన్న 98 జీవో తర్వాతెప్పుడో వచ్చింది. ఆ జీవో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల జుట్టు నెరిసింది, వాళ్ల పిల్లలు ఇప్పుడు తిరుగుతున్నారు. నిర్వాసితుల్లో చాలామంది దూరం పోలేదు. నీళ్లు వెనక్కి తగ్గగానే తేలిన ఒండ్రుమట్టిలో త్వరగా చేతికొచ్చే పైర్లు వేస్తారు. తాతల నాటి తమ పొలం గట్టు ఎక్కడుండేదో ఆనవాలు పట్టి మరీ దున్నేవాళ్లున్నారు. కాగితం మీద ఆ భూమి సర్కారుది, కౌలు లేదు, హక్కు లేదు. ముందే వరదొస్తే పంట కూడా లేదు.

సోమశిల ఈ తీరంలో అందరికీ తెలిసిన రేవు. గట్టు మీద గుళ్లు, కింద లాంచీలు, మధ్యలో బొచ్చె, రవ్వ వేయించి అమ్మే బడ్డీలు. ఆ మసాలాలో కారం కాస్త ఎక్కువే, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. కొంచెం ముందుకెళితే అమరగిరి. అక్కడ నల్లమల కొండలు నీళ్లలోకి దిగి, మలుపు మలుపుకీ ఒక దీవిలా కనబడతాయి. ఫోటోలు తీసేవాళ్లు గుడారాలు వేసుకునేది ఇక్కడే. రాత్రి మంట చుట్టూ పాటలు, పొద్దున్నే ఖాళీ సీసాలు. ఆ సీసాలు ఏరేది స్థానిక పిల్లలు.

బయటివాళ్లకు కనబడని తగువు ఒకటి ఇదే నీటి మీద నడుస్తోంది. సముద్రతీర ప్రాంతం నుంచి వచ్చిన కొందరు అలివి వలలు వేస్తారు. దోమతెర లాంటి ఆ వలకు చేపపిల్ల కూడా చిక్కుతుంది. పట్టిన పిల్లల్ని ఒడ్డునే ఎండబెట్టి వ్యాపారులకు అమ్ముతారు. ప్రభుత్వం డబ్బు పోసి వదిలిన చేపపిల్లలు పెరిగేలోపే ఎండుచేపలవుతాయి. ఈ వలల మీద నిషేధం ఉంది. స్థానిక మత్స్యకారులు ఎన్నోసార్లు ధర్నాలు చేశారు, వలలు తగలబెట్టారు. మళ్లీ వలలొస్తాయి. వచ్చినవాళ్లూ పేదలేనన్న మాట నిజం. పెట్టుబడి మాత్రం వాళ్లది కాదు, దాని జోలికి ఎవరూ వెళ్లరు.

సోమశిలకు అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, నంద్యాల జిల్లా. అక్కడ కృష్ణా, తుంగా, భద్రా, భీమా, భవనాశీ సహా ఏడు నదులు కలుస్తాయని చెప్పుకొనే చోట సంగమేశ్వరం. లింగం వేపమొద్దుది. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలో నాని, వేసవిలో బయటికొచ్చి, మళ్లీ వరదకు మునిగే ఆ కొయ్యలింగానికి ఇన్నేళ్లుగా పూజలు అందుతున్నాయి. గుడి పూర్తిగా తేలేదాకా ఆగకుండా పూజారి పడవ మీద వెళ్లి శిఖరానికే హారతిచ్చే ఏళ్లున్నాయి. కొన్నేళ్లు శివరాత్రికి కూడా గుడి నీళ్లలోనే ఉంటుంది. అలంపురానికి తరలిన సంగమేశ్వరాలయం వేరు, ఈ గుడిని మాత్రం ఎక్కడికీ మార్చలేదు. నన్నడిగితే మొత్తం తీరంలో చూడాల్సిన చోటు ఇదే.

ఈ రెండు ఒడ్లకూ పెళ్లిళ్ల రాకపోకలున్నాయి, జాతరల రాకపోకలున్నాయి. సంక్రాంతి రోజుల్లో కొల్లాపూర్ దగ్గర సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతరకు అవతలివాళ్లు పడవల్లో వస్తారు. 2007 జనవరిలో అలా వచ్చి తిరిగి వెళుతున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి 60 మందికి పైగా పోయారు. వంతెన కావాలన్న పాత కోరిక ఆనాటితో కేకైంది. ఎట్టకేలకు 2022లో సోమశిలకూ అవతలి ఒడ్డున ఉన్న సిద్ధేశ్వరానికీ మధ్య తీగల వంతెనకు కేంద్రం అనుమతి వచ్చింది. నమూనా బొమ్మల్లో గాజు నడకదారి కూడా ఉంది. రాయలసీమ ఉద్యమకారుల మాట వేరు. వాళ్లు 2016లోనే వేలమందిగా సిద్ధేశ్వరం నడిచివచ్చి అలుగు కట్టాలన్నారు. కట్టేది ఎటూ కడుతున్నారు కాబట్టి వంతెన కింద నీళ్లు కూడా నిలిచేలా కట్టమంటున్నారు. నిలిచిన నీళ్లు ఎవరి వాటా అన్నది రెండు రాష్ట్రాల మధ్య తేలని లెక్క. గాజుదారి మీద రాజీ కుదరడం తేలికే. నీటి మీదే కష్టం.

సోమశిలలో పొద్దున లాంచీ ఎక్కితే సాయంత్రానికి శ్రీశైలం. అమరగిరి దాటాక ఊళ్లుండవు. రెండు వైపులా పులుల అడవి, ఎడమన అమ్రాబాద్, కుడిన నాగార్జునసాగర్-శ్రీశైలం. పైన దోమలపెంట దగ్గర కొండ అంచున నిలబడి చూస్తే నీళ్లు కొండల సందుల్లోకి పాయలు పాయలుగా చీలి ఉంటాయి. అటవీశాఖ ఆ చోటికి ఆక్టోపస్ వ్యూ పాయింట్ అని పేరు పెట్టింది. ఈ అడవిలో పెంటలనే గూడేల్లో బతికే చెంచులకు శ్రీశైలం మల్లన్న ఇంటి అల్లుడు. చెంచు పిల్లను పెళ్లాడి చెంచు మల్లయ్య అయ్యాడని వాళ్ల కథ. అల్లుడి దర్శనానికి లక్షలమంది వస్తారు. అత్తవారింటికి రోడ్డు వెయ్యాలంటే మాత్రం పులుల చట్టం అడ్డొస్తుంది. చట్టం అక్కర్లేదని నేననను. పర్యాటకుల జీపు వెళ్లే దారిలో అంబులెన్సు ఎందుకు వెళ్లకూడదో చెప్పేవాళ్లు కావాలి.

శ్రీశైలం రేవుకు చేరేముందే అక్కమహాదేవి గుహలు. 12వ శతాబ్దంలో కన్నడ వచనాలు చెప్పిన ఆ యోగిని ఇక్కడ తపస్సు చేసిందంటారు. బండ సందులో వంగి, చివరికి పాకి వెళ్లాలి. ఊబకాయులు బయటే దండం పెట్టుకోవడం మేలు. గుహ ముందు ప్రకృతి చెక్కిన రాతి తోరణం మాత్రం అందరిదీ.

శ్రీశైలం కట్టకు గేట్లు 12. అవి ఎత్తారన్న వార్త టీవీలో రాగానే ఘాట్ రోడ్డు మీద కార్లు గంటలకొద్దీ నిలిచిపోతాయి. కట్ట కింద లింగాలగట్టులో చేపల వేపుడు బళ్లకు ఏడాది సంపాదన ఆ కొద్ది రోజుల్లోనే. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మాత్రం చూడటానికి ఎవరికీ సరదా లేదు. నీళ్లు 896 అడుగులు దాటాయి. కట్ట నిలబడింది, ఎగువన కర్నూలు మునిగింది.

అక్కణ్నుంచి సాగర్ నీళ్లు. బాగా నిండినప్పుడు దీని మీద కూడా లాంచీ వేస్తారు, దాదాపు 110 కిలోమీటర్లు. చివర్లో నాగార్జునకొండ. ఇక్ష్వాకుల విజయపురి లోయ ఆ నీళ్ల అడుగునుంది. మునిగేముందు 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీద ప్రదర్శనశాలలో పెట్టారు. విహారాలనూ రంగస్థలాన్నీ అనుపులో తిరిగి పేర్చారు. ఇప్పుడు ఒడ్డున 274 ఎకరాల బుద్ధవనం కూడా వచ్చింది. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఊరి గురించి ఇక్కడ మనకు వీధి వీధీ తెలుస్తుంది.

1981లో మునిగిన ఊళ్ల గురించి ఏ రేవులోనూ నాకు ఒక్క అక్షరం కనబడలేదు. లాంచీ ఎక్కేవాడికి టికెట్ ధర, బయలుదేరే వేళ రాసి ఉంటాయి. తాను ఏ ఊరి మీదుగా వెళుతున్నాడో ఎవరూ చెప్పరు. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకూ ఖర్చులేని పని ఒకటి చెబుతున్నాను. ప్రతి రేవులో ఒక బోర్డు పెట్టి, ఆ దరిన మునిగిన ఊళ్ల పేర్లన్నీ రాయించండి. ఆ ఊళ్లలో పుట్టినవాళ్లు ఇంకా ఉన్నారు, పేర్లు తప్పు పోకుండా వాళ్లే చెబుతారు.